థాయ్‌లాండ్‌లో పసుపు జెండా భోజనం

థాయ్‌లాండ్ వెళ్లే శాకాహారులు సూట్‌కేసు నిండా పులిహోర పొడులు, కప్పు నూడుల్స్ సర్దుకోవడం చూస్తుంటాను. బ్యాంకాక్‌లో అయితే ఆ బరువు అక్కర్లేదు. చోటు తెలిస్తే 50 బాత్‌లకే కడుపు నిండుతుంది. బాత్ అంటే మన రెండు రూపాయల పైమాట.

అక్కడి చిక్కు మాంసం ముక్కలతో కాదు, సాస్‌లతో. తూటికూర వేపుడులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు. గ్రీన్ కర్రీ ముద్దలో రొయ్యల పేస్టు, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు, దాదాపు అన్నింటిలోనూ ‘నామ్ ప్లా’ అనే చేపల సాస్ ఉంటాయి. వండేవారిలో చాలామంది వీటిని మాంసాహారంగా లెక్కవేయరు. పర్యాటకులు తిరిగే వీధిలో ఒక హోటల్ ‘వెజిటేరియన్’ అని ఇంగ్లీషులో పెద్ద బోర్డు పెట్టి, 180 బాత్‌లు తీసుకుని ఇచ్చిన ప్యాడ్ థాయ్ (వేయించిన నూడుల్స్)లో గుడ్డు, చేప వాసన రెండూ ఉన్నాయి.

ఇంగ్లీషు బోర్డులు వదిలేసి, పసుపు జెండా మీద ఎర్రగా 17 అంకెలా కనిపించే అక్షరం కోసం చూడండి. అది ‘జే’ భోజనం గుర్తు. చైనా సంతతివారి బౌద్ధ ఆచారం నుంచి వచ్చిన ఈ వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే. కార్తీక మాసం నియమాలు పాటించేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

జే అంగడి అచ్చం మన కర్రీ పాయింట్ లాంటిదే. స్టీలు ట్రేలలో కూరలు వరసగా ఉంటాయి, వేలితో చూపిస్తే చాలు, అన్నం మీద రెండు కూరలు వడ్డిస్తారు. కొబ్బరి పాలలో ఉడికిన గుండ్రని పచ్చ వంకాయలు నాకు బాగా నచ్చాయి. తులసి ఆకు వేసిన టోఫు (సోయా పనీర్) వేపుడు తప్పక తినాలి. మనం కోటలో పెట్టి పూజించే తులసి జాతే అది, నూనెలో వేగాక ఘాటు నేరుగా ముక్కుకే తగులుతుంది. మాంసాన్ని అనుకరించే సోయా ముక్కలు మాత్రం నా వల్ల కాలేదు. ఈ అంగళ్లు పొద్దున్నే తెరుస్తారు, మధ్యాహ్నం రెండు దాటితే చాలాచోట్ల ట్రేలు ఖాళీ.

రాత్రి పూటకు బ్యాంకాక్‌లోనే ఆసోక్ రైలు స్టేషన్ పక్కనున్న టెర్మినల్ 21 మాల్‌కు వెళ్లండి. పై అంతస్తులోని పియర్ 21 ఫుడ్ కోర్టులో శాకాహార కౌంటర్ ఉంది. ముందు కార్డులో డబ్బు వేయించుకోవాలి, మిగిలింది తిరిగి ఇచ్చేస్తారు. శుభ్రత బాగుంది, ధర వీధి అంగడికి దగ్గరగానే ఉంది, కానీ రుచిలో జే అంగడికి సాటి రాదు. మన తిండి మీద మనసు పోతే బ్యాంకాక్‌లో భారతీయుల పేట పహురత్‌లోని గురుద్వారాలో ఉదయం లంగర్ (ఉచిత భోజనం) పెడతారు. తల మీద గుడ్డ కప్పుకుని వెళ్లాలి.

రుచికి, విశ్రాంతికి నా ఓటు ఉత్తర థాయ్‌లాండ్ నగరం చియాంగ్ మాయ్‌కే. పాత కోట ఊరిలో శాకాహార హోటళ్లు నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. కొబ్బరి పాల పులుసులో నూడుల్స్, పైన కరకరలాడే నూడుల్స్ వేసే ‘ఖావో సోయ్’ను శాకాహారంగా చేసేవారూ దొరుకుతారు.

సెప్టెంబరు చివర, అక్టోబరుల్లో వచ్చే తొమ్మిది రోజుల జే పండుగకు వెళితే బ్యాంకాక్ చైనాటౌన్ యావరాత్ వీధి పొడవునా పసుపు జెండాలే. ఫుకెట్‌లో ఈ పండుగ ఇంకా పెద్దది, కానీ అక్కడి ఊరేగింపుల్లో భక్తులు బుగ్గలకు శూలాలు గుచ్చుకుంటారు. పిల్లలతో వెళ్లేవారు యావరాత్‌తో సరిపెట్టుకోవడం మేలు.