అంబాసిడర్ కోసం గాజువాకలో నాలుగు రోజులు

పెదవాల్తేరులో దొడ్డమ్మ ఇంటి షెడ్డులో పన్నెండేళ్లుగా కదలకుండా పడున్న అంబాసిడర్ మార్క్ 2ని బాగు చేయిద్దామని రాజమండ్రి నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టి విశాఖ వెళ్లాను. సముద్రపు ఉప్పుగాలికి ఇన్నేళ్లు నానిన బండి ఏ గతిన ఉంటుందో మీకే తెలుసు.

ముందు నగరంలో ఒక పెద్ద షాపుకి వెళ్లాను. ఏసీ గది, కాఫీ, కంప్యూటర్ ఎస్టిమేట్, అన్నీ బాగున్నాయి. తుప్పు ఉన్న చోటల్లా పుట్టీ పెట్టి రంగు కొట్టేస్తాం సార్ అన్నారు. దండం పెట్టి బయటపడ్డాను. ఆ పుట్టీ ఒక్క వానాకాలం దాటితే గొప్పే.

చివరికి బండిని లారీ ఎక్కించి గాజువాక ఆటోనగర్ తీసుకెళ్లాం. అక్కడ కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. మేస్త్రీ స్క్రూడ్రైవర్‌తో ఫ్లోర్ మీద అలా పొడిచాడో లేదో అవతలికి దిగిపోయింది. "ఇది రేకు కాదు బాబూ, అప్పడం" అన్నాడు. కుళ్లింది మొత్తం కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేశాడు, పని బంగారం. టైము విషయంలో మాత్రం నమ్మకండి, పదింటికి అంటే పన్నెండు. తలుపులకీ అద్దాలకీ చుట్టూ వేసే రబ్బరు బీడింగులు కలకత్తా నుంచి తెప్పించాల్సొచ్చింది.

బస సంగతి. మొదటి రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాను, శుభ్రంగానే ఉంది కానీ గాజువాక సుమారు 15 కిలోమీటర్లు, దారిలో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లోనే ప్రాణం పోతుంది. మర్నాడు గాజువాకలోనే సగం అద్దెకి గది తీసుకున్నాను. రాత్రంతా లారీ హారన్లు, దుప్పటి తిరగేసి కప్పుకున్నాను. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతా, పక్కన నిలబడితేనే పని సాగుతుంది. ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చాను. అది నేవీలో చేరింది 1969లో, అంటే మా బండి ఈడుదే.

అసలు కథ మూడో రోజు. వెనక సీటు పీకితే గుప్పెడు ఇసుక, దాంట్లో తామరపువ్వున్న ఇత్తడి రంగు ఇరవై పైసల బిళ్ల, 1970ది. ఆ రోజుల్లో లక్ష్మీపూజకి దాచుకునేవారే, ఆ బిళ్ల. సంబరపడుతుండగానే పైకప్పు గీకుతున్న కుర్రాడు కేకేశాడు. తెలుపు కింద పసుపు. తలుపులు గీకితే నలుపు.

టాక్సీ!

పెదనాన్న షోరూమ్ నుంచి కొత్తది తెచ్చారని మా ఇంట్లో యాభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాం. ఫోన్ చేస్తే దొడ్డమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, పెళ్లిచూపులకి ఆ కార్లోనే వచ్చారురా, కొత్త కారని మా నాన్న ఎంత మురిసిపోయాడో" అంది. తెల్ల రంగే వేయించమంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయిద్దామనుకుంటున్నాను. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటాలి, ఫీజు 20,000, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ తిప్పకూడదు. బండి అసలు రూపంలో ఉండాలంటారు. మా బండి అసలు రూపం ఏదో ఇప్పుడు ఎవరికి చెప్పను!

తెల్ల రంగే వేయించాను. డికీ మూత లోపల జానెడు నలుపు మాత్రం వదిలేయమన్నాను. దొడ్డమ్మ ఎలాగూ డికీ తెరవదు.