నలుగురి టెంటు, నాలుగేళ్ళ వాడకం: తిరుపతి నుంచి హార్సిలీహిల్స్ దాకా

పెట్టె మీద నలుగురి బొమ్మ ఉంటుంది. దాన్ని నమ్మి నలుగురు పెద్దవాళ్ళు పడుకుంటే తెల్లవారేలోపు ఒకరు కారులోకి చేరతారు. నేల కొలత 240 × 210 సెంటీమీటర్లు. పొడుగ్గా పడుకోవడానికి 210 సరిపోతుంది, మిగిలిన 240ని నలుగురికి పంచితే తలకు రెండడుగులు. ఇద్దరు పెద్దవాళ్ళు, పదేళ్ళలోపు పిల్లలిద్దరు అయితే సర్దుకోవచ్చు. సంచులు మాత్రం బండిలోనే ఉండాలి. నడిమధ్య ఎత్తు 130 సెంటీమీటర్లే కాబట్టి బట్టలు మార్చుకోవడం మోకాళ్ళ మీదే.

మాది రెండు పొరల డోమ్ టెంటు, బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. నాలుగేళ్ళలో పాతిక రాత్రుల దాకా వాడాం, ఎక్కువగా హార్సిలీహిల్స్ చుట్టుపక్కలే. కొన్నప్పటి ధర నాలుగు వేల చిల్లర. ఆ డబ్బుకు టెంటు బాగానే ఉంది. దాంతోపాటు వచ్చిన మేకులు, తాళ్ళు మాత్రం మొదటి రోజే పక్కన పెట్టాల్సిన సరుకు.

మేకుల సంగతి ముందు. కంపెనీ ఇచ్చేవి ఏడంగుళాల సన్నటి ఊచలు. పచ్చిక బయళ్ళలో అవి దిగుతాయేమో గానీ మన నేల వేరు. పైన రెండంగుళాల ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కింద బండ. రెండు దెబ్బలకే ఊచ వంగి గాలంలా తయారవుతుంది. వెల్డింగ్ షాపులో 8 మిల్లీమీటర్ల కమ్మీని అడుగు ముక్కలుగా కోయించి, ఒక కొన సాన పట్టించి, రెండో కొన కొక్కెంలా వంచి ఇమ్మంటే పది నిమిషాల పని. 8 ఎం.ఎం. కమ్మీ మీటరు దాదాపు 400 గ్రాములు తూగుతుంది కాబట్టి ఒక్కో మేకు 120 గ్రాములు, ఎనిమిదీ కలిపి కిలో. నడిచి మోసేవాళ్ళకు బరువే, కారులో వెళ్ళేవాళ్ళకు లెక్కలోకి రాదు. కొట్టేటప్పుడు మేకు తల టెంటుకు అవతలి వైపు వాలి ఉండాలి, లేకపోతే గాలికి తాడు జారి వచ్చేస్తుంది. మేకు అసలు దిగని చోట ఖాళీ బియ్యం సంచులు నాలుగు తీసుకెళ్ళి, అక్కడి మట్టో రాళ్ళో నింపి మూలలకు కట్టడమే. పెద్ద రాయికి నేరుగా తాడు చుడితే రాత్రంతా ఒరుసుకుని పొద్దుటికి పోగులు లేస్తుంది. మధ్యలో పాత గోనెగుడ్డ పెట్టాలి.

ఎక్కడ వేసుకోవాలన్నది అసలు చిక్కు. శేషాచలం అడవుల్లో ఇష్టం వచ్చిన చోట టెంటు వేస్తామంటే కుదరదు. అనుమతి లేకుండా అడవిలోకి వెళ్ళడమే నేరం, పైగా ఎర్రచందనం నిఘా ఉన్న ప్రాంతం. హార్సిలీహిల్స్ పైన అయితే బస ఇచ్చే వాళ్ళను ముందే అడిగి, వాళ్ళ ఆవరణలో వేసుకోవాలి. మా అనుభవంలో ఇంతకన్నా సుఖం కొండ కింద తెలిసినవాళ్ళ మామిడి తోట. నీళ్ళు ఉంటాయి, బోరు దగ్గర కరెంటు ఉంటుంది, అర్ధరాత్రి ఎవరూ వచ్చి లేపరు. మే నుంచి జులై దాకా కోతల కాలం, అప్పుడు అడగకూడదు. తోటలో కూడా చెట్టు కింద వేయకండి. తోతాపురి కాయ తొడిమ దగ్గర నుంచి కారే సొన గుడ్డ మీద పడితే నల్లటి మచ్చ, ఎంత రుద్దినా పోదు, ఒంటికి తగిలితే బొబ్బ. చీమలు కొమ్మల మీది నుంచి తాళ్ళు పట్టుకుని టెంటులోకి దిగుతాయి. రెండు వరుసల నడుమ, ఎండిన కొమ్మ పైన లేని చోటు చూసుకోండి.

టెంటు కింద పరిచే టార్పాలిన్ విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. పెద్దది ఉంటే మంచిదనుకుని టెంటు అంచులు దాటి పరుస్తారు. వాన పడితే ఆ అంచు మీద పడిన నీళ్ళన్నీ నేరుగా నడుం కిందకి వస్తాయి. అన్ని వైపులా రెండంగుళాలు లోపలికే ఉండేలా మడిచి వేయాలి.

వానకంటే మమ్మల్ని ఎక్కువ తడిపింది మా ఊపిరే. హార్సిలీహిల్స్ ఎత్తు 1,265 మీటర్లు, తిరుపతి కన్నా కిలోమీటరు పైనే ఎక్కువ. వంద మీటర్లకు అర డిగ్రీ పైన తగ్గుతుందనుకున్నా ఆరేడు డిగ్రీల తేడా. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పిల్లలకు చలి అని కిటికీలు, తలుపు జిప్పులు అన్నీ బిగించేస్తాం. నలుగురి ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీళ్ళై, తెల్లవారుజామున దుప్పట్ల మీద రాలుతుంది. టెంటు కారుతోందని షాపువాణ్ణి తిట్టుకునే వాళ్ళలో సగం మంది ఇబ్బంది ఇదే. పైన ఉన్న చిన్న గాలి రంధ్రం ఎప్పుడూ తెరిచే ఉంచాలి. తలుపు వైపు వలజిప్పు మాత్రం వేసి గుడ్డజిప్పును పై నుంచి జానెడు విప్పి పెట్టాలి. బయటి పొరను తాళ్ళతో లాగి కట్టి, లోపలి పొరకు నాలుగంగుళాల దూరం ఉండేలా చూడాలి. రెండూ అంటుకున్న చోటే నీళ్ళు దిగుతాయి. తడి బట్టలు, చెప్పులు లోపల ఉంచితే పై జాగ్రత్తలన్నీ వృథా.

పడకకు గాలి పరుపు కొన్నాం, రెండు రాత్రులకే ఇంట్లో వాళ్ళకు విసుగొచ్చింది. దాని లోపలి గాలి చల్లబడి వీపు గడ్డకడుతుంది, తెల్లారేసరికి సగం దిగిపోతుంది. పది మిల్లీమీటర్ల ఫోమ్ షీటు, దాని మీద మామూలు కోరచాప, ఆపైన జంపఖానా. ఇంతకు మించి అవసరం పడలేదు.

హార్సిలీహిల్స్ మీద గాలిబండ అని ఒక బండ ఉంది, ఆ పేరు ఊరికే పెట్టలేదు. కొండ మీద సాయంత్రం అయ్యేకొద్దీ గాలి పెరుగుతుంది. తలుపు గాలికి ఎదురుగా పెడితే టెంటు గొడుగులా ఉబ్బుతుంది, వెనక వైపు పెట్టాలి. ఫైబర్‌గ్లాస్ కర్రలు గాలికి విరగడానికి మొదటి కారణం గాలి కాదు, తొందర. ముక్కలను లోహపు గొట్టంలోకి పూర్తిగా దిగేదాకా నొక్కకుండా వంచితే గొట్టం అంచు దగ్గర చీలుతుంది. మాది మూడో ఏట అలాగే పోయింది. చీలిన చోట చేత్తో తడమకండి, సన్నటి నూగు చర్మంలో దిగితే రెండు రోజులు గుచ్చుకుంటుంది. కర్ర లావుకు సరిపడే జానెడు అల్యూమినియం గొట్టం ముక్క తొడిగి రెండు కొసల్లో ఇన్సులేషన్ టేపు చుడితే ఆ ప్రయాణం గడుస్తుంది. ఆ ముక్క ఎప్పుడూ సంచిలో ఉంచండి. కర్రల లోపలి సాగే తాడు కూడా ఎండకు వదులవుతుంది. మీటరు లెక్కన ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది, మార్చుకోవడం సులువే.

వంటకు బ్యూటేన్ డబ్బా పెట్టే పొయ్యి. 220 గ్రాముల డబ్బా పెద్ద మంట మీద గంటన్నర లోపే అయిపోతుంది. నలుగురికి ఒక రాత్రి, ఒక పొద్దు అంటే రెండు డబ్బాలు, ఒకటి అదనం. చలిలో మంట నీరసపడుతుంది. డబ్బా గ్యాసు వదిలేకొద్దీ ఇంకా చల్లబడుతుంది కాబట్టి వాడే ముందు కాసేపు దుప్పటిలో చుట్టి ఉంచితే చాలు. వేడి నీళ్ళలో ముంచడం, మంట దగ్గర పెట్టడం వద్దు. ఆ ఎత్తులో నీళ్ళు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గిన్నెలో అన్నం ఆలస్యమవుతుంది, చిన్న కుక్కర్ ఉంటే మేలు. నిజానికి మొదటి రాత్రికి వంటే పెట్టుకోకపోవడం ఉత్తమం. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం, చెనక్కాయల పొడి తెచ్చుకుంటే సరి, పొయ్యి కాఫీకి మాత్రమే. టెంటు లోపల పొయ్యి గానీ, చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటి గానీ పెట్టకండి. పాలియెస్టర్ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తినుబండారాలు ఏవీ టెంటులో ఉంచవద్దు. కోతులు జిప్పు తీయవు, గుడ్డ చింపుతాయి.

ఇక దారి. తిరుపతి, చంద్రగిరి, భాకరాపేట ఘాట్, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె, అంగళ్ళు మీదుగా కొండ. నూట నలభై కిలోమీటర్ల పైచిలుకు, పిల్లలతో ఆగుతూ వెళితే నాలుగు గంటలు. అందమంతా మొదటి, చివరి ముక్కల్లోనే ఉంది. మధ్యలో మామిడి తోటలు, పొలాలు, టమోటా లారీలు. భాకరాపేట ఘాట్‌ను పగలే దాటండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్నవాళ్ళ బస్సు లోయలో పడింది ఇక్కడే, అదీ రాత్రి పూట.

మా బండి 1.2 లీటర్ల పెట్రోలు చిన్న కారు. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. ఎక్కేటప్పుడు మలుపుకు ముందే రెండో గేరులోకి రావాలి, మలుపు మధ్యలో మార్చబోతే బండి గుంజలేక ఆగుతుంది. ఏసీ ఆపితే తేడా తెలుస్తుంది. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని కొందరి నమ్మకం. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీస్తే ఇంధనం దానంతటదే ఆగుతుంది, న్యూట్రల్‌లోనే కొంత కాలుతుంది. బ్రేకు నొక్కిపట్టి దిగితే కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. అప్పుడు వెడల్పయిన చోట ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. వేడి డిస్కు మీద నీళ్ళు పోస్తే అది వంకర పోతుంది. టైర్లలో గాలి డ్రైవరు తలుపు పక్కన అతికించిన కాగితంలో ‘పూర్తి బరువుకు’ అని ఉన్న అంకె ప్రకారం పెట్టించండి, చాలామంది ఖాళీ బండి అంకె పెట్టిస్తారు. ఎక్కే బండికి దారి ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, ఆగితే మళ్ళీ కదలడం కష్టం దానికే. మంచు కమ్మితే హై బీమ్ వేయకండి, తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు.

పిల్లలకు వాంతుల సంగతి: వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి ఎదురుగా రోడ్డు చూడమనాలి, ఫోను ఇవ్వకూడదు. బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు చాలు, దారి పొడవునా బొరుగులు.

తిరుగు ప్రయాణంలో భాకరాపేట దగ్గర తలకోనకు మళ్ళవచ్చు. 270 అడుగుల జలపాతం, అక్టోబరు నుంచి జనవరి దాకా నీళ్ళు బాగుంటాయి. అయితే తడి టెంటు డిక్కీలో ఉంటే నేరుగా ఇంటికే రండి. ఎందుకంటే ఈ టెంటును చివరికి పాడుచేసింది గాలీ వానా కాదు, అటక.

లోపలి వైపు పూసిన పాలీయురేథేన్ పొర తడికి, వేడికి కలిపి తట్టుకోదు. చెమ్మతో చుట్టి అటక మీద పెడితే తిరుపతి మే ఎండకు ఆ పొర జిగురు జిగురై, పుల్లటి వాసన కొట్టి, పొట్టులా రాలుతుంది. ఆ వాసన వచ్చిందంటే ఇక బాగుచేసే దారి లేదు. ఇంటికి రాగానే నీడలో, ఫ్యాను కింద, రెండు వైపులా తిప్పి ఒక రోజంతా ఆరబెట్టాలి. ఎండలో వేస్తే గుడ్డ బలం పోతుంది. వాషింగ్ మెషిన్, సబ్బు పొడి రెండూ వద్దు. సంచిలో బిగించి కుక్కకుండా పాత దిండు గలేబులో వదులుగా పెట్టి మంచం కింద ఉంచడం మేము ఆలస్యంగా నేర్చుకున్న పని. అప్పటికే కుట్ల మీది టేపు మూడో వంతు ఊడిపోయింది. హార్డ్‌వేర్ షాపు సిలికాన్ పూసి చూశాం, రెండు నెలల్లో తొక్కలా లేచింది. ఈ పొర మీద యురేథేన్ రకం సీలరే పట్టుకుంటుంది. జిప్పు పళ్ళు కలవకపోతే రన్నర్ రెండు అంచులనూ కటింగ్ ప్లేయరుతో కొద్దిగా నొక్కి, కొవ్వొత్తి రుద్దితే ఇంకో ఏడాది నడుస్తుంది.

ఇప్పుడది నవంబరు తుపాను వానకు ఆగదు, పొడి చలికాలానికి మాత్రం ఇంకా సరిపోతుంది. తర్వాతది ఆరుగురి టెంటు తీసుకుంటాం, అల్యూమినియం కర్రలతో. మేకులు మాత్రం ఇవే.