పద్నాలుగేళ్లు షెడ్డులో నిలిచిన పద్మిని: నాలుగేళ్ల వాడకం తరువాత

మా నాన్నగారి 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు 2007లో గుడివాడలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులోకి వెళ్లి, 2021 వరకు అక్కడి నుంచి అంగుళం కదలలేదు. దానిని మళ్లీ రోడ్డెక్కించి నాలుగేళ్లు దాటింది. ఇప్పటికి దాదాపు 11,000 కిలోమీటర్లు తిప్పాను. బండి లేచిన కొత్తలో రాసి ఉంటే ఈ సమీక్ష అంతా ఇంజిను గురించే ఉండేది. ఇప్పుడు మాత్రం ఎక్కువ భాగం రబ్బరు గురించీ, బ్రేకుల గురించీ రాయవలసి వస్తోంది.

“ఇంజినుకేముంది బాబూ, ఇనుము. ముందు రబ్బరన్నది ఎక్కడెక్కడ ఉందో అంతా మార్పించండి” అని విజయవాడ ఆటోనగర్‌లో పెద్ద వయసు మెకానిక్ ఒకాయన మొదటి రోజే చెప్పారు. నా ధ్యాస అప్పుడు ఇంజిను మీదే ఉంది.

ఆ ఇంజిను నిజంగానే మొండిది. ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చి, బొంబాయి కుర్లాలో దశాబ్దాల తరబడి తయారైన 1089 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిను అది. ఇన్నేళ్లు నిలిచిన బండికి కొత్త బ్యాటరీ తగిలించి నేరుగా సెల్ఫు కొట్టకూడదు, ఎందుకంటే తుప్పుతో సిలిండరు గోడలను పట్టుకున్న పిస్టన్ రింగులు ఆ బలానికి విరిగిపోవచ్చు. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కొక్క రంధ్రంలో డీజిలూ ఇంజినాయిలూ కలిపి కొద్దికొద్దిగా పోసి, వారం రోజులు అలాగే వదిలేశాం. ఎనిమిదో రోజున టైర్లలో గాలి నింపి, టాపు గేరులో వేసి, ఇద్దరం బండిని ముందుకూ వెనక్కూ ఊపుతుంటే ఫ్యాను రెక్క బెత్తెడు కదిలింది, అంటే ఇంజిను పట్టు వదిలింది.

పెట్రోలు ట్యాంకు విప్పి వంచితే డికాక్షన్ రంగులో చిక్కటి ద్రవం కారింది. పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టుంది వాసన. అడుగున గుప్పెడు తుప్పు పొడి చేరింది. ట్యాంకు కడిగించి, కార్బురేటరు జెట్లు శుభ్రం చేయించి, పెట్రోలు పంపులో బిరుసెక్కిన డయాఫ్రం (పెట్రోలును తోడే పలుచని పొర) మార్చి, ప్లగ్గులకు కరెంటు అందించే కాంటాక్ట్ పాయింట్లను సన్నటి ఎమరీ కాగితంతో రుద్దిన తరువాత మూడో సెల్ఫుకు ఇంజిను అందుకుంది. అసలు ఖర్చు ఆ తరువాత వచ్చింది. ఈ ఇంజినుకు సిలిండర్లుండే బ్లాకు పోత ఇనుముదైనా దాని మీద మూతలా కూర్చునే హెడ్డు అల్యూమినియంది కావడం వల్ల, ఏళ్ల తరబడి రేడియేటరులో పోసిన బోరు నీళ్లకు హెడ్డులోని నీటి దారుల అంచులు తినేసి ఉన్నాయి. హెడ్డు దించి, లేత్ పనికి పంపి, కొత్త గాస్కెట్ వేయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి కూలెంటు తప్ప మామూలు నీళ్లు పోయలేదు.

ఇక బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. చక్రాల దగ్గర బ్రేకు షూలను నొక్కే వీల్ సిలిండర్లు తుప్పుతో బిగుసుకుపోయి ఉండటంతో వాటినీ, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరు కిట్టునూ మార్పించాను కానీ, ముందు చక్రాలకు బ్రేకు ఆయిలు తీసుకెళ్లే రబ్బరు హోసులు పైకి పగుళ్లు లేకుండా నిగనిగలాడుతున్నాయని అలాగే ఉంచేశాను. మూడో నెలలో ఏలూరు వెళ్తూ గన్నవరం దాటాక బండి ఎడమ వైపుకు లాగడం మొదలుపెట్టింది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఆపి చూస్తే ఎడమ ముందు డ్రమ్ము చేయి పెట్టలేనంతగా కాలిపోతోంది. హోసు లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోయింది. పెడల్ తొక్కిన బలానికి లోపలికి వెళ్లిన ఆయిలు, కాలు తీశాక వెనక్కి రాలేకపోయింది. ఆ హోసుల ఖరీదు నేను అప్పటికే పెయింటుకు పెట్టిన దానిలో వందో వంతు కూడా ఉండదు. పెయింటు ముందు, హోసులు తరువాత అన్న నా వరుసే తప్పు. టైర్ల విషయంలో కూడా మోసపోయేవాడినే: పై గాడులు దాదాపు కొత్తవిలా ఉన్నా పక్క గోడలు ఎండిన చెరువు నేలలా పగిలి ఉన్నాయి.

వాడకం సంగతి. లీటరుకు 11 నుంచి 12 కిలోమీటర్లు ఇస్తోంది. అరవై వేగంలో హాయిగా సాగుతుంది, ఎనభై దాటితే నాకే భయం. స్టీరింగ్ పక్కనుండే గేరు లివరుకు బుష్షులు మార్చినా కొంత వదులు మిగిలింది, చేతికి అలవాటైపోయింది. మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో రెండుసార్లు పెట్రోలు పంపు వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరై, బండి ఆగిపోయింది. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే మళ్లీ కదిలింది. డిక్కీలో గుడ్డ, నీళ్ల సీసా ఇప్పుడు ఎప్పుడూ ఉంటాయి.

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రకం రబ్బరును పాడు చేస్తుంది. అందుకే ఇథనాల్‌కు తట్టుకునే పెట్రోలు పైపులు వేయించి, బండిని రెండు వారాలకు మించి నిలపకుండా తిప్పుతున్నాను. విడిభాగాలు ఆటోనగర్‌లో లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికిస్తే ఏదో ఒక కొట్లో బయటపడుతున్నాయి. ఆర్సీ రెన్యువల్‌కు ప్రతి ఐదేళ్లకూ బండిని తనిఖీకి చూపించాలి. మొదటిసారి హ్యాండ్ బ్రేకు చాలలేదని వెనక్కి పంపారు, అది న్యాయమే.

2021లో వేసిన వీల్ సిలిండర్లకు ఐదేళ్లు నిండబోతున్నాయి. అవి ఇంకా కారడం లేదు. అయినా కొత్త సెట్టూ, హోసులూ తెచ్చి అల్మరాలో పెట్టాను. వచ్చే ఆదివారం డ్రమ్ములు విప్పుతాం.