హన్మకొండ గేమింగ్ కేఫ్‌ల హార్త్‌స్టోన్ టోర్నమెంట్: ప్లేస్‌కు నాలుగు స్టార్లు, ఫార్మాట్‌కు ఒక్కటే

హన్మకొండ నయీంనగర్ దిక్కు ఒక గేమింగ్ కేఫ్‌ల ఈ మధ్య ఆదివారం పూట హార్త్‌స్టోన్ (కంప్యూటర్ మీద, ఫోన్ల ఆడే పత్తాల గేమ్) టోర్నమెంట్ పెట్టిర్రు, దాని గురించే ఈ రివ్యూ. కేఫ్ పేరు రాస్తలేను. ఓనర్ అన్న మంచోడు, మన వరంగల్‌ల బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ తప్ప ఇంకో గేమ్‌కు టోర్నమెంట్ పెట్టాల్నంటే ధైర్యం కావాలె, ఈయన పెట్టిండు, దానికే సగం మార్కులు ఇస్తా. మిగిలిన సగం ఎందుకు కట్ చేసిన్నో చెప్తా, జర లాంగ్ అయితది, ఓపిక ఉన్నోళ్లు చదువుర్రి.

ముందుగాల ప్లేస్ గురించి. ఏసీ మంచిగ పనిచేస్తుంది, కుర్చీలు కొత్తయ్, నెట్ పొద్దటి నుంచి సాయంత్రం దాక ఒక్కసారి గూడ కట్ కాలే, మధ్యల కరెంటు పోయింది గాని ఇన్వర్టర్ మీద ఏ సిస్టం బంద్ కాలే. సమోసలు వేడిగున్నయ్, చాయ్‌ల చక్కెర ఎక్కువ. బండి పెట్టుకునే జాగ లేదు, పక్క గల్లీల పెట్టి నడుచుకుంట రావాలె. అంతే, ప్లేస్‌కు వంక పెట్టేది ఏం లేదు.

ఇగ అసలు ముచ్చట. ఎంట్రీ 150 రూపాయలు, 32 మంది, నాకౌట్, రౌండుకు ఒక్కటే గేమ్. ఒక్కటి ఓడినవంటే ఇంటికే. హార్త్‌స్టోన్‌ల ఒక గేమ్ ఎంతసేపు నడుస్తది, పది నిమిషాలు, అగ్రో డెక్ (మొదటి నుంచే దబదబ కొట్టుకుంట పోయే పత్తాల కట్ట) తలిగితే ఇంకా తక్కువ. కరీంనగర్ నుంచి ఒకన్న వచ్చిండు, గేమ్‌ల అన్నిటికంటే పైదైన లెజెండ్ ర్యాంక్, ఆయన ఆడుతుంటే ఎనక నిలబడి చూద్దామని మేం నలుగురం అనుకున్నం. ఫస్ట్ రౌండ్‌ల ఆయన చేతికి అన్నీ పెద్ద మానా కార్డులే వచ్చినయ్ (మానా అంటే కార్డు ఆడనీకి అయ్యే ఖర్చు), మల్లిగన్ చేసి, అంటే మొదట్ల వచ్చినయ్ మార్చుకునే చాన్స్ వాడుకొని, మూడు తిప్పి పంపిస్తే మల్ల గసొంటియే వచ్చినయ్, అవతల కాజీపేట పోరడు, ఇంటర్ చదువుతుండొచ్చు, హంటర్ అనే క్లాస్ డెక్ తోని సీదా అన్న హీరో మీదికే (హీరో ప్రాణం పోతే గేమ్ ఓడినట్టే) కొట్టుకుంట పోయి ఆరో టర్న్‌ల ముగించిండు. అన్న నవ్వి షేక్‌హ్యాండ్ ఇచ్చి, చాయ్ గూడ తాగకుంట బస్టాండ్‌కు ఎల్లిపోయిండు. పొద్దుగాల లేచి అంత దూరం నుంచి వచ్చినాయనకు దక్కింది గది.

ఆ పోరడే ఆఖర్న కప్పు కొట్టిండు. తమ్మి మంచిగనే ఆడిండు, తక్కువ చేసి మాట్లాడుతలేను. కాని అన్న పోయిన కాన్నుంచి బయట చాయ్ కాడ అందరిది ఒకటే పాట, "ఇది దిమాక్ గేమ్ కాదు బై, మొత్తం నసీబే, ఎవనికి పత్తాలు పడితే వాడే రాజు." ఈ మాటకు నేను ఒప్పుకోను. నేను ఓడిపోయి ఏడుస్తున్న అనుకునేరు, నేను క్వార్టర్స్ దాక పోయిన, అందుల రెండు గేములు నసీబ్ మీదనే గెలిచిన, అది నాకు తెలుసు, అవతల కూసున్నోళ్లకు గూడ తెలుసు.

గేమ్ తెల్వనోళ్లకు రెండు ముక్కలు. బ్లిజార్డ్ కంపెనీది, 2014ల వచ్చింది. 30 కార్డుల డెక్ నువ్వే కట్టుకుంటవు, ఒక కార్డు రెండుకు మించి పెట్టద్దు, లెజెండరీ అయితే ఒక్కటే. మొదలు ఆడేటోనికి మూడు కార్డులు, రెండోవోనికి నాలుగు, పైకెల్లి కాయిన్ అని ఒకటి ఇస్తరు, అది ఒక టర్న్‌కు ఒక మానా ఎక్కువిస్తది. మానా టర్న్‌కు ఒకటి పెరుగుకుంట పది దాక పోతది. డెక్ ఎవ్వలు కలుపరు, కంప్యూటరే కలుపుతది, అందుకే మనోళ్లకు డౌటు ఎక్కువ, చేతుల కలిపితే కలిపినోన్ని తిట్టొచ్చు, ఈడ ఎవన్ని తిడ్తం.

నసీబ్ లేదని నేను అంటలేను, మస్తు ఉన్నది. యోగ్-సరాన్ అని 2016ల ఒక కార్డు వచ్చింది, పది మానా, నువ్వు ఆ గేమ్‌ల ఎన్ని స్పెల్స్ (మంత్రాల కార్డులు) ఆడితే అన్ని స్పెల్స్ ర్యాండంగ ఎటువడితే అటు ఇసురుతది, ఓడిపోయే గేమ్ గెలిపిస్తది, గెలిచే గేమ్ కరాబ్ చేస్తది, జనం మొత్తుకుంటే అదే ఏడాది కంపెనీ దాని కొమ్ములు ఇరిచింది. అదే ఏడాది కంపెనీ పెట్టే బ్లిజ్‌కాన్ మేళాల రష్యా పిలగాడు పావెల్ వరల్డ్ చాంపియన్ అయ్యిండు, ఆ టోర్నమెంట్‌ల బాబ్లింగ్ బుక్ అనే ఒక్క మానా కార్డు (మేజ్ అనే క్లాస్ స్పెల్ ఏదో ఒకటి ర్యాండంగ ఇస్తది) ఆడితే ఉన్న మేజ్ స్పెల్స్ అన్నిట్ల సరిగ్గ పాలిమార్ఫే, అంటే అవతలోని జీవిని గొర్రెను చేసేదే, చేతికచ్చింది, ఇప్పటికీ దాని మీద మీమ్స్ నడుస్తయ్. 2014 నుంచి 2019 దాక ఆరేండ్లు, ఆరుగురు చాంపియన్లు, ఒక్కడు గూడ రెండోసారి గెలువలే. అదే చెస్‌ల చూడుర్రి, కార్ల్‌సన్ 2013ల ఎక్కిన సీటు 2023 దాక దిగలే. తేడా గంత కనవడుతనే ఉన్నది.

కాని మల్లిగన్ ఒక్కటి తీసుకోండ్రి. నీ డెక్‌ల ఒక కీలకమైన కార్డు రెండు కాపీలు ఉన్నయ్, ఐదో టర్న్ వరకు అందుల ఒక్కటన్న చేతికి రావాలె. మొదలు ఆడేటోడు మల్లిగన్ చెయ్యకుంట ఉంచుకుంటే అప్పటికి ఎనిమిది కార్డులు చూస్తడు, వచ్చే చాన్స్ 47 శాతం. అదే ఆ కార్డు కోసమని మూడిటికి మూడు తిప్పి పంపిస్తే 58 శాతం. కార్డులు కలిపేది కంప్యూటరే, గని ఆ 11 శాతం నీ చేతిల ఉన్నది, అది గూడ గేమ్ మొదలు గాక ముందుగాల్నే. ఇసొంటియి గేమ్‌ల ఇంకా ఉంటయ్, అవతలోడు మేజ్ అయితే ఏడో మానాకు ఫ్లేమ్‌స్ట్రైక్ (మన మినియన్లన్నిటిని ఒక్కసారే కొట్టే స్పెల్) ఏస్తడేమో అని ఆరో టర్న్‌ల చేతిల రెండు మినియన్లు (బోర్డు మీదికి దింపే సిపాయిలు) ఆపుకునుడు, కాయిన్ ఇప్పుడే వాడాల్నా ఆగాల్నా అని చూసుడు, వాని చేతిల ఎడమ దిక్కు కార్డు మొదటి నుంచి కదుల్తలేదంటే అది ఏమై ఉంటదని సోచాయించుడు. చాయ్ కాడ నసీబ్ నసీబ్ అన్నోళ్లల్ల సగం మంది మల్లిగన్ టైమ్‌ల ఫోన్ చూస్కుంట కూసున్నోళ్లే, నేను చూసిన.

సరే, ఇగ లెక్క. మంచి ప్లేయర్ ఒక గేమ్ గెల్చే చాన్స్ 60 శాతం అనుకుందాం, కార్డ్ గేములల్ల అది చిన్న నంబర్ ఏం కాదు. 32 మందిల నాకౌట్ అంటే ఐదు రౌండ్లు వరుసగ గెలవాలె. 0.6ను ఐదుసార్లు గుణిస్తే 7.8 శాతం. అంటే అందరికంటే బాగ ఆడేటోడు గూడ వందల 92 సార్లు కప్పు లేకుంట ఇంటికి పోతడు. ఏ స్కిల్ లేకుంట కాయిన్ ఎగిరేసినట్టు సగం సగం కొట్టుకుంట పోయేటోనికి 3.1 శాతం. ఇద్దరికి తేడా గింతే. ఒక్క బాల్ ఏసి బ్యాట్స్‌మన్ పనికొస్తడా రాడా అని తీర్పు చెప్పినట్టు ఉంటది ఈ ఫార్మాట్.

అదే బెస్ట్ ఆఫ్ త్రీ (మూడు గేములల్ల రెండు గెల్చినోడే ముందుకు) పెడితే ఒక మ్యాచ్ చాన్స్ 60 నుంచి 64.8కి పోతది, ఐదు రౌండ్లకు 11.4. బెస్ట్ ఆఫ్ ఫైవ్ పెడితే మ్యాచ్ 68, మొత్తం 14.8, రెట్టింపు దగ్గరికి వచ్చింది చూడుర్రి. గేమ్ మారలే, కార్డులు మారలే, మనుషులు మారలే, టోర్నమెంట్ పెట్టినాయన ఒక రూల్ మారిస్తే నసీబ్ జర సైడ్ అయింది. పెద్ద టోర్నమెంట్లల్ల కాంకెస్ట్ అని పెట్టేది ఇందుకే, ఒక్కొక్కడు నాలుగు డెక్కులు తెస్తడు, అవతలోడు ఒకటి బ్యాన్ చేస్తడు, మిగిలిన మూడిటి తోని మూడు గేములు గెల్వాలె. హంటర్ ఒక్కటే నేర్చుకొని వస్తే ఆడ నడువది.

పత్తాల పంచాయితీ మనకు కొత్త గాదు గదా. 1967ల సుప్రీంకోర్టు రమ్మీ నసీబ్ ఆట కాదు, ముఖ్యంగ స్కిల్ ఆట అన్నది, ఏ పత్తా పడ్డదో యాది పెట్టుకోవాలె, ఏది ఉంచుకోవాల్నో ఏది పారెయ్యాల్నో తెల్వాలె అని. ఆ కేసు మన సికింద్రాబాద్‌ల ఒక క్లబ్‌దే, ఆంధ్రప్రదేశ్ సర్కార్ వర్సెస్ సత్యనారాయణ. మూడు పత్తాల ఆటను మాత్రం పక్కకు పెట్టింది, అది ఉత్త నసీబే అని. మా పరకాల మామ గీ తీర్పు తానే రాసినట్టు ప్రతి పెండ్లిల చెప్తడు, చెప్పుకుంట ఓడిపోతడు, అది వేరే ముచ్చట. రమ్మీల పత్తాలు పంచుడు బ్రిడ్జిల పంచినట్టే అని గూడ ఆ తీర్పులనే ఉన్నది. ఆ బ్రిడ్జి వాళ్లు నసీబ్‌ను ఎట్ల కట్టేసిర్రో తెలుసా, డూప్లికేట్ అని పెడ్తరు, ఒక టేబుల్ మీద పంచిన పత్తాలే ఇంకో టేబుల్ మీద గూడ, అదే చెయ్యి తోని ఎవ్వలు ఎక్కువ తీసిర్రో చూస్తరు, ఇగ నాకు పత్తాలు పడలే అనే మాటే లేదు. 2018ల జకార్తా ఏషియన్ గేమ్స్‌ల మన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ గోల్డ్ కొట్టింది గా ఆటలనే. గదే జకార్తాల డెమో ఈవెంట్‌గ పెట్టిన హార్త్‌స్టోన్‌ల గుజరాత్ భుజ్ పిలగాడు తీర్థ్ మెహతా బ్రాంజ్ తెచ్చిండు. ఇంకా ఇది పిల్లల ఆట, లాటరీ అనేటోళ్లు ఉంటే జర ఆలోచించుర్రి.

పైసల విషయంల మాత్రం ఓనర్ అన్నను మెచ్చుకోవాలె. తెలంగాణల ఆన్‌లైన్ రమ్మీ 2017లనే బంద్ అయింది, 2025 ఆగస్టుల కేంద్రం చట్టం వచ్చినంక పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములు స్కిలా నసీబా అని చూడకుంటనే మొత్తం బంద్, ఈ-స్పోర్ట్స్ వేరే లెక్క. ఈయన ఎంట్రీ ఫీజు ఖర్చులకే అని ముందే చెప్పిండు, ప్రైజ్ మెకానికల్ కీబోర్డు, రెండో ప్రైజ్ ఫ్రీ అవర్స్, గెలిస్తే పైసలు రెట్టింపు అనే లొల్లి లేదు. సైడ్‌కు పందెం కడ్తమన్న ఇద్దరు పోరగాళ్లను బయటికి పంపిండు గూడ.

ఇంకోటి ఎవ్వలు మాట్లాడనిది, కలెక్షన్. ఎవని అకౌంట్ వాడే తెచ్చుకోవాలె, ఎవని కార్డులు వానియే. ఒక లెజెండరీ తయారు చేసుకోవాలంటే 1600 డస్ట్ (కార్డులు పలగ్గొడితే వచ్చే పొడి), అక్కరలేని లెజెండరీ ఒకటి పలగ్గొడితే వచ్చేది 400. అంటే నాలుగు పలగ్గొడితే ఒకటి. ప్యాకుల మీద పైసలు పెట్టినోని డెక్‌కు, ఫ్రీగ ఆడేటోని డెక్‌కు తేడా ఉంటది, దాన్ని స్కిల్ అనలేం, నసీబ్ గూడ అనలేం. నా పక్కన కూసున్న ఎన్‌ఐటీ పిలగాడు ఉన్న కార్డుల తోనే డెక్ కట్టి రెండు రౌండ్లు లాగిండు, నా లెక్కల ఆ రోజు అందరికంటే బాగ ఆడింది వాడే. దీనికి గూడ మందు ఉన్నది, హార్త్‌స్టోన్‌లనే ఉన్న బ్యాటిల్‌గ్రౌండ్స్ అనే మోడ్ పెట్టాలె (బీజీఎంఐ కాదు), ఎనిమిది మంది ఒక్కసారే ఆడ్తరు, కలెక్షన్ అక్కరలేదు, నాలుగు లాబీలు (గ్రూపులు) పెడితే 32 మంది సరిపోతరు, పాయింట్లు కూడుకుంట పోవుడే.

అయిపోయినంక ఓనర్ అన్నతోని మాట్లాడిన. "బెస్ట్ ఆఫ్ త్రీ పెడితే రాత్రి అయితది తమ్మీ, 32 సిస్టంలు నాకాడ లెవ్వు, కరెంటు బిల్లు ఎవలు కడ్తరు" అన్నడు. "అన్నా, ఈ గేమ్ ఫోన్ల నడుస్తది, సిస్టంలు ఎందుకే" అన్న. జర సేపు ఆలోచన చేసిండు. స్విస్ పద్ధతి గురించి చెప్పిన, ఓడినోన్ని ఇంటికి పంపద్దు, గెల్చినోనికి గెల్చినోన్ని, ఓడినోనికి ఓడినోన్ని జత కట్టుకుంట ఐదు రౌండ్లు అందరు ఆడ్తరు, బెస్ట్ ఆఫ్ త్రీ అయినా రౌండుకు 40 నిమిషాలు పెట్టుకుంటే మూడున్నర గంటలల్ల అయిపోతది. ఇప్పుడైతే 16 మంది మొదటి రౌండ్‌కే ఎల్లిపోయిర్రు, గీళ్లంతా సాయంత్రం దాక ఉంటే ఎన్ని సమోసలు అమ్ముడుపోతుండే అని అడిగిన. గా మాట మాత్రం చెవికెక్కింది, క్యాలిక్యులేటర్ తీసిండు.

ఇప్పటికైతే నా మాట ఇది. ఫ్రెండ్స్ తోని ఆదివారం టైంపాస్‌కు పోవాలంటే ఏ డౌటు లేకుంట పోర్రి, 150కి బానే ఉంటది, హార్త్‌స్టోన్ ఆడేటోళ్లు మన ఊర్ల ఇంత మంది ఉన్నరని నాకు ఆడికి పోయినంకనే తెలిసింది. హుజూరాబాద్, జనగామ, భూపాలపల్లి నుంచి బస్సెక్కి రావాలనుకునేటోళ్లు మాత్రం ముందు ఫోన్ చేసి ఫార్మాట్ ఏందో కనుక్కోండ్రి, రౌండుకు ఒక్క గేమ్ నాకౌట్ అంటే ఇంట్లనే ల్యాడర్ (ఆన్‌లైన్‌ల ర్యాంక్ మ్యాచులు) ఆడుకోండ్రి. గేమ్ అప్‌డేట్ గూడ ఇంటికాడనే చేసుకొని పోర్రి, ఆడికి పోయినంక అందరు ఒక్కసారే వైఫై మీద డౌన్‌లోడ్ పెడితే మీ పేరు పిలిచే వరకు గూడ కాదు.