తెల్లకర్ర, స్మార్ట్‌కేన్, ఫోన్ యాప్: నడకకు ఏది మేలు?

చూపు లేనివాళ్లు ఒంటరిగా బయట తిరగడానికి ఏది కొనాలని అడిగితే ఇప్పుడు మూడు పేర్లు వినిపిస్తాయి. మామూలు తెల్లకర్ర, ఐఐటీ ఢిల్లీలో పుట్టిన స్మార్ట్‌కేన్, కెమెరాతో చూసి మాటల్లో చెప్పే ఫోన్ యాప్. నేనైతే ముందు ఒక్కటే చూస్తాను: అడుగు పడేలోపు ముందున్న అడ్డంకి కబురు అందుతుందా లేదా?

నేల మీద ఉన్నవాటి విషయంలో తెల్లకర్ర ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గుతుంది. రొమ్ము ఎత్తు దాకా వచ్చే కర్రను అడుగడుక్కీ అటూ ఇటూ ఆనిస్తూ నడిచే పద్ధతిని రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ రూపొందించారు. గుంత, మెట్టు అంచు, మూతలేని మ్యాన్‌హోల్, తారు అయిపోయి మట్టి మొదలైన చోటు, అన్నీ చేతికి వెంటనే తెలుస్తాయి. ఛార్జింగ్ గొడవ లేదు. చిక్కల్లా నడుము పైనే. సగం దించిన షట్టర్, లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, రోడ్డు మీదికి వంగిన కొమ్మ: వీటి కింద నేల ఖాళీ కాబట్టి కర్రకు ఏమీ తగలదు. తగిలేది నుదుటికే.

ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ బృందం పట్టుకున్నది సరిగ్గా ఈ లోటునే. 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్ తెల్లకర్ర పైభాగానికి తగిలించుకునే పరికరం. అది పంపే అల్ట్రాసోనిక్ తరంగాలు (చెవికి వినపడని ధ్వని) మోకాలి నుంచి తల ఎత్తు వరకు, 3 మీటర్ల దూరం దాకా ఉన్న అడ్డంకికి తగిలి తిరిగొస్తాయి. రానూపోనూ 6 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కాబట్టి సెకనులో 50వ వంతులోపే పని పూర్తవుతుంది. అడ్డంకి దగ్గరపడేకొద్దీ పిడిలో వైబ్రేషన్ తీరు మారుతుంది.

కబురు మాటగా కాక వైబ్రేషన్‌గా రావడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. వెనకొచ్చే ఆటో, పక్కనుంచి దూసుకొచ్చే బైకు, దాటాల్సిన కూడలి, చూపు లేని మనిషికి ఇవన్నీ తెలిసేది చెవులతోనే. ఆ చెవులను పరికరం ఆక్రమించకూడదు. అయితే గుంతల్ని ఇది చెప్పదు. ఆ పని కింద ఉన్న కర్రదే. అందుకే కర్రను పక్కనపెట్టి దీన్ని కొనడం అనే ప్రశ్నే లేదు.

యాప్‌ల తీరు వేరు. మైక్రోసాఫ్ట్ వారి సీయింగ్ ఏఐ 2017లో వచ్చింది. 2015లో డెన్మార్క్‌లో మొదలైన బీ మై ఐస్‌లో మనుషులే వీడియో కాల్‌లో చూసి చెబుతారు. 2023 నుంచి అందులో ఏఐ కూడా చేరింది. మందు సీసా మీది పేరు చదవడానికి, తలుపు మీది నంబరు చూడడానికి ఇవి గొప్పవి. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంకు 2020లో ఇచ్చిన మణి యాప్‌కైతే నెట్ కూడా అక్కర్లేదు. కానీ ఫొటో సర్వర్‌కు వెళ్లి జవాబు వచ్చేసరికి రెండు మూడు సెకన్లు పట్టిందనుకోండి, మామూలు నడకలో మనిషి రెండు మూడు మీటర్లు ముందుకెళ్లిపోతాడు. పైగా ఆ జవాబు చెవిలోనే పడుతుంది.

కాబట్టి మొదట తెల్లకర్ర, దాంతోపాటు కర్రతో ఒంటరిగా నడవడం నేర్పే మొబిలిటీ శిక్షణ. ఆ కర్ర చేతికి అలవాటయ్యాక, రద్దీ వీధుల్లో రోజూ తిరిగేవాళ్లకు స్మార్ట్‌కేన్. కొనేముందు ఒకసారి పట్టుకుని నడిచి చూడండి; పిడి బరువు పెరుగుతుంది, మణికట్టు ఓర్చుకోవాలి. ఫోన్ అందరికీ ఉండాల్సిందే. నడిచేటప్పుడు మాత్రం జేబులో ఉంచి, ఆగాక తీయండి.