హైదరాబాద్ ఫ్లాటులో రెండడుగుల మొక్కల అక్వేరియం: కొన్నేళ్ళ వాడకం తరువాత

తక్కువ శ్రమతో నడిచే మొక్కల అక్వేరియం అనగానే కొనేవారికి కలిగే ఊహకూ, ఇంట్లో నిజంగా జరిగే దానికీ మధ్య రెండు మూడు నెలల దూరం ఉంటుంది. ఆ నెలలు గడిచేదాకా శ్రమ తక్కువేమీ కాదు. గడిచాక మాత్రం బాల్కనీలోని తులసి కుండీకి చేసే పాటి సేవ కూడా అది అడగదు. పద్మారావు నగర్‌లో మేముండే రెండు పడక గదుల ఫ్లాటులో, హాలుకూ వంటగదికీ నడుమ గోడవారగా, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టిని కొన్నేళ్ళుగా నడుపుతున్నాను. పై అంతస్తులో ఉండే పెద్దాయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా "బాబూ, ఇందుల నీళ్ళు ఎన్నడు మారుస్తవ్? నేనైతే ఒక్కనాడు గూడ చూడలే" అంటారు. "నెలకొకసారి అంకుల్, అదీ పావు వంతే" అంటే ఆయనకు ఇప్పటికీ నమ్మకం కుదరదు. ఇన్ని వేసవులు దాటాక నాకు తేలిందేమిటంటే, ఇలాంటి తొట్టి బాగోగులను నిర్ణయించడంలో మన కుళాయి నీటికీ, మన ఏప్రిల్, మే నెలలకూ ఉన్నంత పాత్ర ఏ ఖరీదైన పరికరానికీ లేదు.

ముందు బరువు సంగతి చెప్పాలి. ఈ కొలతల తొట్టిలో 54 లీటర్ల నీరు పడుతుంది కాబట్టి నీటి బరువే 54 కిలోలు. అడుగున మట్టి, ఇసుక, పైన రాళ్ళు, గాజు కలుపుకుంటే 70 కిలోల దాకా వెళుతుంది. ప్లైవుడ్‌తో చేసిన టీవీ బల్లలు ఈ భారానికి కొన్ని నెలల్లోనే నడుమ వంగుతాయి, అడుగు వంగితే గాజు అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. పాత అపార్ట్‌మెంట్లలో గోడలోకి దిగేసిన కడప బండ అరలు ఉంటాయి చూడండి, వాటంత నమ్మకమైన పీట ఇంకొకటి లేదు. అడుగున ఒక థర్మోకోల్ పలక పరిస్తే బండలోని ఎగుడుదిగుళ్ళు సర్దుకుంటాయి. అయితే ఆ బండ తొట్టి కిందనే ఉండాలి, లోపలికి రాకూడదు. కడప బండ, తాండూరు బండ, షాబాద్ బండ మూడూ సున్నపురాళ్ళే, నీటిలో వేస్తే మెల్లగా కరిగి దాని కాఠిన్యాన్ని పెంచుతాయి. అనుమానమున్న రాయి మీద చుక్క వెనిగర్ వేసి, నురగ వస్తే పక్కన పెట్టేయడం మంచిది. మన నగరంలో ఎక్కడ పడితే అక్కడ కనిపించే గ్రానైట్ రాయికి ఆ దోషం లేదు, మా తొట్టిలో ఉన్నవన్నీ అవే.

అడుగున మట్టి వేసి పైన ఇసుక కప్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారిలో అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ ముఖ్యురాలు. అంగుళం మందాన మట్టి, దాని మీద అంగుళం నుంచి అంగుళంన్నర దాకా గరుకు ఇసుక వేస్తే, మొక్కలకు కావలసిన ఆహారం వేళ్ళ దగ్గరే దొరుకుతుంది, నీటిలోకి మాత్రం అంతగా రాదు. దిగుమతి చేసుకున్న ఖరీదైన మట్టి గుళికలు అవసరమని నాకు అనిపించలేదు. నగర శివార్లలో దొరికే ఎర్ర చల్క మట్టిని జల్లించి, అందులో బాగా మాగిన కంపోస్టును నాలుగో వంతుకు మించకుండా కలిపాను. ఎర్రమట్టిలో ఇనుము సమృద్ధిగా ఉంటుంది, అందులోని బంకమన్ను పోషకాలను పట్టి ఉంచుతుంది. నర్సరీలో కుండీల కోసం కలిపి అమ్మే మట్టిలో పచ్చి పేడ గానీ, వేపపిండి గానీ, యూరియా గానీ ఉందేమో అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ మూడింటిలో ఏది ఉన్నా తొట్టిలో అమ్మోనియా కట్టలు తెంచుకుంటుంది. కప్పడానికి రోబో ఇసుక వద్దు. దానిలోని రాతి పొడి ఎంత కడిగినా వదలదు, గట్టిపడి మట్టికి గాలి ఆడనివ్వదు. రెండు మూడు మిల్లీమీటర్ల గింజ ఉన్న నది ఇసుకను నీరు తేటపడేదాకా కడిగి వాడడమే ఉత్తమం.

మొక్కల ఎంపికలో నేను చూసింది ఒక్కటే: మన నీటిని ఓర్చుకుంటాయా లేదా. వల్లిస్నేరియా అనే పొడవాటి రిబ్బను ఆకుల మొక్క, మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా కఠిన జలంలోని బైకార్బొనేట్ నుంచి కూడా కర్బనాన్ని తీసుకోగలవు, అందుకే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ లేకుండానే బోరు నీటిలో సైతం విజృంభిస్తాయి. మొదటి ఏడాది గడవకముందే వల్లిస్నేరియా వెనుక గాజు పొడవునా పిలకలు పెట్టి తెరలా నిలబడింది. మధ్యాహ్నం దీపం వెలిగిన రెండు గంటలకు దాని ఆకుల అంచున ఆవగింజంత ఆక్సిజన్ బుడగలు వరుసగా పేరుకుని, ఒక్కొక్కటిగా ఊడి పైకి వెళతాయి. దాని ముందు శ్రీలంకకు చెందిన క్రిప్టోకోరైన్ వెండ్టీ, రాళ్ళకు దారంతో కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ ఉన్నాయి. చివరి రెండింటి కాండం దుంపలా అడ్డంగా పాకుతుంది, దానిని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది. అనుబియాస్ నెలకు ఒక ఆకు వేస్తే గొప్ప. నెమ్మదిగా పెరగడం వల్ల దాని ముదురు ఆకుల అంచులకు నల్లని కుచ్చుల్లాంటి పాచి పడుతుంది, దానిని గోకితే పోదు, ఆ ఆకును మొదలంటా కత్తిరించడమే దారి.

క్రిప్టోకోరైన్ విషయంలో కొత్తవారు బెంబేలెత్తే ఘట్టం ఒకటి ఉంది. నాటిన వారం పది రోజులకు దాని ఆకులు గాజులా పారదర్శకమై, వేలు తగిలితే జారిపోయే జిగురుగా మారతాయి. మొక్క చచ్చిందనుకుని పీకి పారేయకూడదు, వేళ్ళు బతికే ఉంటాయి. కరిగిన ఆకులను తీసేసి వదిలేస్తే మూడు నాలుగు వారాల్లో కొత్త నీటికి అలవాటుపడ్డ చిగుళ్ళు వస్తాయి.

మొదటి రెండు మూడు నెలల శ్రమ ఏమిటంటే, బ్యాక్టీరియా కుదురుకోవడం కోసం వేచి ఉండడం. మట్టి నుంచీ, మేత నుంచీ వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకొక రకం దానిని నైట్రేట్‌గా మారుస్తాయి, ఆ నైట్రేట్‌ను మొక్కలు తింటాయి. ఈ చక్రం నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా చేపలు వేయకూడదు. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉండేది ఒక శాతం కంటే తక్కువ, పీహెచ్ 8 ఉన్న నీటిలో అది ఐదు శాతం దాటుతుంది, వేడి పెరిగితే ఇంకా పెరుగుతుంది. మన బోరు నీళ్ళు ఎక్కువగా ఆ రెండో కోవలోకే వస్తాయి. దుకాణంలో తొట్టి, చేపలు, రంగు రాళ్ళు ఒకే రోజు ఒకే సంచిలో కట్టి ఇవ్వడం నాకు మొదటి నుంచీ నచ్చని పద్ధతి. ఈ వారాల్లో పచ్చపాచి తప్పదు. అంతరతామర వంటి తేలే మొక్కలు నాలుగు వేస్తే, అవి కర్బనాన్ని గాలి నుంచి తీసుకుంటూ నీటిలోని మిగులు పోషకాలను పీల్చేస్తాయి కాబట్టి పాచికి తిండి దొరకదు. తొట్టి కుదురుకున్నాక వాటిని తగ్గించుకోవచ్చు.

ఇక నీటి విషయానికి వస్తే, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అసలు చిక్కు సంపులో ఉంది. కృష్ణా, గోదావరుల నుంచి వచ్చినా మనం అలవాటుగా మంజీరా నీళ్ళని పిలుచుకునే జలమండలి నీరు, బోరు నీరు, వేసవిలో ట్యాంకరు నీరు అన్నీ అక్కడే కలుస్తాయి, ఏ నెలలో ఏది ఎంత పాలో ఎవరికీ తెలియదు. కరిగిన లవణాలను కొలిచే చిన్న మీటరు నేను కొన్న వస్తువులన్నిటిలోకీ చవకైనది, ఉపయోగంలో మొదటిది. మా వంటింట్లో నేరుగా వచ్చే కుళాయి నీటిలో అది 200 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దరిదాపుల్లో చూపిస్తుంది. బాత్రూం కుళాయిలో అదే మీటరు వానాకాలంలో ఒక మాట, మే నెలలో 700 దాటి ఇంకొక మాట చెబుతుంది. అందుకే తొట్టికి వంటింటి కుళాయి నీరే, ఒక రోజంతా మూతలేని బకెట్లో ఉంచి, క్లోరిన్ పోగొట్టే థయోసల్ఫేట్ చుక్కలు వేసి వాడతాను. వానాకాలం మొదట్లో బ్లీచింగ్ వాసన ముక్కుకు తగిలేంత ఉన్న రోజుల్లో నీరు మార్చడమే మానుకుంటాను.

నీరు మార్చడం కంటే ఆవిరైన నీటిని భర్తీ చేయడం దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. ప్రతివారం బోరు నీటితో నింపుతూ పోతే, నీరు చూడడానికి తేటగానే ఉన్నా నెలల తరబడి ఉప్పుతేరుతూ ఉంటుంది. గాజు మీద నీటి గీత వెంబడి తెల్లని పొర మందమవుతుంటే అది జరుగుతున్నట్టే. భర్తీకి మాత్రం ఇంట్లోని ఆర్వో యంత్రం నీరు వాడడం సరైనది. ఆ యంత్రం పక్క గొట్టం నుంచి వదిలేసే నీరు వృథా అవుతోంది కదా అని తొట్టిలో పోయాలనిపిస్తుంది. లవణాలన్నీ పోగుపడేది అందులోనే కనుక ఆ నీటితో ఇల్లు తుడుచుకోవాలి.

వేసవి ఈ తొట్టికి అసలు పరీక్ష. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ పట్టే శక్తి తగ్గుతుంది: సముద్ర మట్టం దగ్గర 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు పడితే, 32 డిగ్రీల వద్ద 7.3 మాత్రమే పడుతుంది. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న మన నగరంలో ఇంకాస్త తక్కువ. ఏసీ లేని మా హాల్లో మే నెల మధ్యాహ్నం నీరు 32 దగ్గరికి వెళుతుంది. పైన మూత తీసి, నీటి మీదుగా ఒక చిన్న ఫ్యాను తిప్పితే, గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది; జులై తేమలో ఆ ఫ్యాను అంతగా ఉపయోగపడదు, అప్పటికి అవసరమూ ఉండదు. వేడి నాడే కరెంటు పోవడం కూడా మామూలే కాబట్టి బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. ప్రమాదాన్ని ముందుగా చెప్పేది నత్తలు. ఇసుకలో దూరి తిరిగే శంఖం ఆకారపు చిన్న నత్తలు మామూలుగా రాత్రిపూటే బయటికి వస్తాయి. పట్టపగలు గుంపుగా గాజు పైకి ఎక్కుతున్నాయంటే నీటిలో ఆక్సిజన్ తగ్గిందనో, నీరు చెడిందనో అనుకుని వెంటనే చూడాలి.

చేపలను ఇదంతా దృష్టిలో పెట్టుకునే ఎంచాను. గప్పీలకు కఠిన జలం ఇష్టం, మగవాటిని మాత్రమే వేస్తే సంతానం సమస్య ఉండదు, ఆరు చాలు. వాటితో పాటు గంగా, బ్రహ్మపుత్రా పరీవాహక ప్రాంతాలకు చెందిన హనీ గౌరామి జంట ఉంది; గౌరామిలకు పైకి వచ్చి గాలి పీల్చుకునే అవయవం ఉన్నందున కరెంటు పోయినా వాటి గురించి దిగులు లేదు. చెర్రీ రొయ్యలు ముచ్చటగా ఉంటాయి, పాచినీ తింటాయి, కానీ 30 డిగ్రీలు దాటితే నీరసిస్తాయి కనుక ఏసీ లేని ఇంటికి నేను సిఫారసు చేయను. అద్దాలు శుభ్రం చేస్తుందని చెప్పి అంటగట్టే సక్కర్ చేప మాత్రం అసలే వద్దు. అది అడుగుకు పైగా పెరుగుతుంది, మొక్కలను పెకలిస్తుంది, విసిగిపోయినవారు దానిని చెరువులో వదిలితే అక్కడి దేశీ చేపలకు ముప్పు. కత్తిరించిన మొక్కలను కూడా చెరువుల్లో, నాలాల్లో వేయకుండా కుండీలకు ఎరువుగా వేయాలి. గుర్రపుడెక్క ఏం చేసిందో మన చెరువులు చూస్తే తెలుస్తుంది.

పరికరాల గురించి చెప్పవలసింది కొంచెమే. మూడు వాట్ల గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు, 12 వాట్ల తెల్లని ఎల్‌ఈడీ దీపం, దానికి టైమరు, ఇంతే. పంపు రోజంతా, దీపం ఏడు గంటలు నడిచినా కరెంటు నెలకు ఐదు యూనిట్లు దాటదు. పంపు చేసే గుంయ్ శబ్దం దాని కింద పాత రబ్బరు చెప్పు ముక్క పెడితే సగానికి తగ్గుతుంది. దీపాన్ని పొద్దున మూడున్నర గంటలు, మధ్యాహ్నం విరామం తరువాత మరో మూడున్నర గంటలు వెలిగిస్తే, ఆ విరామంలో నీటిలో కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ పేరుకుంటుంది. నీలం, గులాబీ రంగులు మార్చే దీపాలు ఫొటోలకు బాగుంటాయి, మొక్కలకు వాటివల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ నాకు కనిపించలేదు. పంచదార, ఈస్టు కలిపి సీసాలో చేసే గ్యాస్ ఏర్పాటు మన వేసవిలో మొదటి రోజుల్లో ఉప్పొంగి తరువాత చల్లబడుతుంది. దానితో పడే పాట్లు ఈ తరహా తొట్టి ఉద్దేశానికే విరుద్ధం.

రెండో ఏడు దాటాక మట్టిలో సారం తగ్గి క్రిప్టోకోరైన్ కొత్త ఆకులు పాలిపోతాయి. అప్పుడు ఎర్రమట్టిని గోలీలంత ఉండలు చేసి, ఆరబెట్టి, వేళ్ళ పక్కన వేలితో లోపలికి నొక్కుతున్నాను. అలా నొక్కేటప్పుడు బుడగలతో పాటు కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఆ చోట గాలి ఆడడం లేదని అర్థం, సన్నని పుల్లతో మెల్లగా గుచ్చి వదలాలి.

సంక్రాంతికి వారం పది రోజులు ఊరికి వెళ్ళినా ఎదిగిన చేపలకు మేత వేయనవసరం లేదు, మొక్కల మీది పాచి, సూక్ష్మజీవులు వాటికి సరిపోతాయి. తాళంచెవి తీసుకున్న పక్కింటివారు జాలిపడి డబ్బాలోంచి గుప్పెడు వేస్తేనే ప్రమాదం. అందుకని ఇప్పుడు మేత డబ్బాను బీరువాలో పెట్టి, మరీ వేయాలనిపిస్తే రెండు వేళ్ళ చిటికెడు చొప్పున కట్టిన రెండు కాగితం పొట్లాలను మాత్రమే తొట్టి మీద ఉంచి వెళుతున్నాము.