పాత ఇంటి గోడల్లోకి ఇన్సులేషన్ ఊదించాలంటే ఏది మేలు?

చెక్క చట్రం మీద కట్టిన పాత ఇళ్లలో చాలావాటి గోడల మధ్య ఏమీ ఉండదు. బయట చెక్క పలకలు, లోపల గచ్చు పూత, నడుమ సుమారు మూడున్నర అంగుళాల ఖాళీ, అంతే. గాలి ఉంది కదా, అదే చలిని ఆపుతుందిలే అనుకుంటారు. ఆ గాలి ఒకచోట నిలబడదు. వెచ్చగా ఉన్న లోపలి వైపు పైకి లేస్తుంది, చల్లగా ఉన్న బయటి వైపు కిందికి దిగుతుంది. అలా తిరుగుతూనే గదిలో వేడిని బయటికి చేరవేస్తుంది. గోడ విప్పకుండా చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, ఆ ఖాళీలోకి వేడిని అడ్డుకునే పదార్థాన్ని గొట్టం ద్వారా ఊది నింపేయడమే ఊదే ఇన్సులేషన్.

నింపడానికి దొరికేవి ముఖ్యంగా నాలుగు: కాగితం నుంచి తీసిన సెల్యులోజ్, గాజు పీచు అయిన ఫైబర్‌గ్లాస్, రాతిని కరిగించి తీసే పీచు రాక్ వూల్, నురగలా వేసే ఫోమ్. ప్రతి అమ్మకందారూ ఆర్-విలువ చూపించి తనదే గొప్పంటాడు. వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క అది. సెల్యులోజ్‌కి అంగుళానికి సుమారు 3.5, గట్టిగా కూరిన ఫైబర్‌గ్లాస్‌కి, రాక్ వూల్‌కి దాదాపు 4. మూడున్నర అంగుళాల గోడలో ఇది 12కీ 14కీ మధ్య తేడా. ఖాళీ గోడలో ఆ గాలి సందు ఇచ్చేది 1 దరిదాపుల్లోనే. అంటే ఏదో ఒకదానితో సరిగ్గా నింపడంలోనే అసలు లాభమంతా ఉంది. వాటిలో వాటికి ఉన్న తేడా మీద అంతగా బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

అయినా ఎంచుకోక తప్పదు కాబట్టి, మామూలు చెక్క గోడకైతే నా ఓటు సెల్యులోజ్‌కే. పాత వార్తాపత్రికల్ని తురుములా చేసి, మంట అంటుకోకుండా బోరేట్ ఉప్పు కలుపుతారు. ఆ ఉప్పు పురుగుల్ని కూడా దూరంగా ఉంచుతుంది. ఒత్తుగా కూరితే వైర్ల వెనక, పైపుల పక్కన ఉన్న వంకర సందుల్లోకి కూడా దూరి, గాలి కదలికను బాగా తగ్గిస్తుంది. కొద్దిపాటి చెమ్మను పీల్చుకుని మళ్లీ మెల్లగా వదిలేస్తుంది. కొన్ని రకాల్లో బోరేట్‌కి బదులు అమ్మోనియం సల్ఫేట్ వాడతారు. అది తడిస్తే వాసన కొడుతుంది, లోహాన్ని తినేస్తుంది. సంచీ మీద చదివి, పూర్తిగా బోరేట్ కలిపిందే అడగండి.

దీంతో చిక్కు ఒక్కటే, వదులుగా ఊదితే కొన్నాళ్లకు కుంగుతుంది. గోడ పైభాగంలో మళ్లీ ఖాళీ ఏర్పడుతుంది. ఘనపు మీటరుకు దాదాపు 56 కిలోల ఒత్తుకి కూరితే కుంగదు. పనివాడు ఆ ఒత్తుకి చేరుతున్నాడో లేదో చూస్తూనే చెప్పొచ్చు. రంధ్రంలోంచి సన్నటి గొట్టాన్ని ఖాళీ చివరిదాకా తోస్తాడు. కాగితం జారుతున్నంతసేపూ గొట్టం చేతిలో అదురుతుంది. కూరుకుపోగానే ప్రవాహం ఆగిపోతుంది, యంత్రం శబ్దం మారుతుంది. అప్పుడు కొన్ని అంగుళాలు వెనక్కి లాగి, మళ్లీ ఆగేదాకా నింపుతాడు. రంధ్రం మూతి దగ్గరే గొట్టం పెట్టి, నిండిందంటూ పక్కదానికి వెళ్లిపోయేవాడి పని నమ్మొద్దు. సంచులు కూడా లెక్కపెట్టండి. వంద చదరపు అడుగుల గోడకి, నిలువు కర్రల మందం తీసేస్తే, సుమారు 35 కిలోలు పట్టాలి. అందులో సగంతో సరిపెట్టాడంటే గోడ సగమే నిండినట్టు.

ఫైబర్‌గ్లాస్ తేలిక, చెమ్మను పీల్చదు, కుళ్లదు. దాన్ని కూడా ఒత్తుగా కూరితేనే విలువ. వదులుగా ఉంటే గాలి దాని గుండా సులువుగా పోతుంది. రాక్ వూల్ నీటిని దగ్గరికి రానివ్వదు, వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికీ చెక్కుచెదరదు. మధ్యలో ఖాళీ వదిలి కట్టిన జంట ఇటుక గోడలకి నేను దాన్నే చెబుతాను. అయితే గాలివాన నేరుగా కొట్టే వైపున్న ఇటుక గోడలో ఆ ఖాళీని అసలు నింపకపోవడమే మేలు. బయటి వరస పీల్చిన నీరు లోపలికి రాకుండా ఆపేది ఆ ఖాళీయే.

ఫోమ్‌ని మూసి ఉన్న పాత గోడలోకి పంపొద్దనే అంటాను. ఉబ్బే రకమైతే పాత గచ్చును బయటికి తోసేస్తుంది. ఉబ్బని రకాల్లో కొన్ని ఆరాక కుంచించుకుని అంచుల్లో సందులు వదులుతాయి. లోపల ఏం జరిగిందో పైకి కనబడదు, నచ్చకపోతే వెనక్కి తీయలేరు. యూరియా ఫార్మాల్డిహైడ్ ఫోమ్‌ని, అది వదిలే వాయువు వల్లే, కెనడా 1980లో నిషేధించింది.

ఏది ఎంచుకున్నా ముందు గోడ సంగతి చూడాలి. పింగాణీ బుడిపెల మీద లాగిన పాతకాలపు వైరింగ్ ఉంటే ఊదడం ఆపేయండి. ఆ తీగలు చుట్టూ గాలి ఉంటేనే చల్లబడతాయి. వాటిని ఇన్సులేషన్‌తో కప్పడాన్ని అమెరికా విద్యుత్ నియమావళి కూడా ఒప్పుకోదు. వైరింగ్ మార్పించాకే ఊదించాలి. ఇక చెమ్మ. ఇన్నాళ్లూ లోపలి వేడి కారిపోతూ ఆ గోడను ఆరబెట్టింది. నింపాక బయటి పలకలు చల్లగా ఉంటాయి, తడిస్తే ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. కిటికీ పైన కారే చోట్లు, పగిలిన వాన గొట్టాలు ముందే బాగుచేయకపోతే రంగు పొరలుగా ఊడుతుంది, ఆపైన చెక్క పుచ్చుతుంది.

రంధ్రాలు బయటి నుంచా, లోపలి నుంచా అంటే, పలకల్ని జాగ్రత్తగా ఊడదీసి వాటి వెనక రంధ్రాలు పెట్టగలిగితే బయటి నుంచే మంచిది. పలకకే రంధ్రం పెట్టి బిరడా బిగిస్తే వాన నీటికి దారి ఇచ్చినట్టే. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి రంగును పరీక్ష చేయించాకే డ్రిల్లు పట్టుకోవాలి.

బయటి పలకలు ఎలాగూ మార్చాలనుకుంటుంటే మాత్రం తొందరపడి ఇప్పుడే ఊదించకండి. పలకలు తీసిన రోజున గోడ నింపడం సులువు. పైన గట్టి ఇన్సులేషన్ బోర్డు కూడా పరిస్తే నిలువు కర్రల గుండా పోయే వేడి కూడా ఆగుతుంది. ఊదడం ఒక్కదానితో అది సాధ్యం కాదు. అటకలో సందులు, ఇన్సులేషన్ ఇంకా చూసుకోకపోతే గోడల కన్నా ముందు అక్కడ ఖర్చుపెట్టండి.

ఆఖరి వాయిదా డబ్బు ఇచ్చేముందు, బాగా చలిగా ఉన్న రోజున ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో లోపలి గోడలన్నీ చూపించమనండి. నిండని ఖాళీ చల్లటి మచ్చగా తెరమీద కనిపిస్తుంది. కిటికీల కింద, ఆ నిలువు కర్రల మధ్య అడ్డ కర్రలు ఉన్నచోట ముఖ్యంగా వెతకండి, ఎక్కువగా వదిలేసేవి అవే.